క్లాసిక్ 350 కార్బ్యురేటర్ బండికి ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేశాను, జెట్ కూడా మార్చాలా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

నా దగ్గర 2014 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఉంది. 62,000 కిలోమీటర్లు తిరిగింది. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు వెనుక మనిషి కూర్చుంటే మూడో గేరులో కూడా బండి లాగడం లేదు. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (లోపల అడ్డు తక్కువగా ఉండి పొగ తేలిగ్గా పోయేది) వేసి, ఎయిర్ బాక్సు (గాలి ఫిల్టర్ ఉండే పెట్టె) తీసేసి కార్బ్యురేటర్‌కే కోన్ ఫిల్టర్ బిగిస్తే పికప్ పెరుగుతుందని తెలిసిన మెకానిక్ చెప్పగా, వారం క్రితం సైలెన్సర్ మాత్రం మార్పించాను. శబ్దం పెరిగింది గాని బలం పెరగలేదు. పైగా యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టపటపమని పేలుతోంది. ఇప్పుడు ఫిల్టర్, జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రపు ముక్క) కూడా మార్చాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

మీరు ఇంకేమీ కొనకముందే ఈ నాలుగు మాటలు చదవమని కోరుతున్నాను. సైలెన్సర్ మార్చినప్పుడు బెండ్ పైపు ఇంజన్ హెడ్‌కు కలిసేచోట సందు మూయడానికి ఉండే గాస్కెట్‌ను చాలామంది పాతదే వాడేస్తారు. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి చేరితే, యాక్సిలరేటర్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి వేడి పైపులో అంటుకుని, మీరు విన్న చప్పుడే చేస్తుంది. మొదట అది చూపించండి. గాస్కెట్ బాగుండి కూడా పేలుతుంటే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని అనుమానించాలి.

ఇక లాగకపోవడం సంగతి. మీ ఇంజన్ 346 సీసీ, బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 28 న్యూటన్ మీటర్లు 4,000 ఆర్పీఎం దగ్గరే అందేలా రూపొందించిన పొడవు స్ట్రోకు ఇంజన్ ఇది. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ ఏమైనా మేలు చేస్తే పైవేగంలో కొంత చేస్తుందే తప్ప, ఘాట్‌లో మీకు కావలసిన కింది వేగపు బలాన్ని అది ఇవ్వదు. ఒక్కోసారి తగ్గిస్తుంది కూడా. పైగా ఇందులోని కార్బ్యురేటర్‌లో స్లైడ్‌ను (గాలి దారిని తెరిచే జారుడు ముక్కను) పైకి లేపేది మీ చేతిలోని కేబుల్ కాదు, ఇంజన్ పీల్పు. స్లైడ్‌కు అంటుకుని ఉండే పలుచని రబ్బరు డయాఫ్రంకు చిన్న చిల్లు పడినా స్లైడ్ పూర్తిగా లేవదు, మీరు ఎంత తిప్పినా బండి బరువుగానే కదులుతుంది. ఇన్నేళ్ల బండిలో నేను మొదట చూసేది అదే.

కోన్ ఫిల్టర్ మాత్రం వద్దు. ఎయిర్ బాక్సు కార్బ్యురేటర్‌కు నిలకడైన, చల్లని గాలిని అందిస్తుంది. దాన్ని తీసేస్తే ఇంజన్ వేడిగాలి, వాననీరు నేరుగా లోపలికి పోయే వీలుంటుంది, స్లైడ్ కదలిక కూడా అస్తవ్యస్తమవుతుంది. ఎర్రమట్టి దుమ్ములో తిరిగే బండికి కొత్త కాగితపు ఫిల్టర్ చాలు.

రెండవ జవాబు

పై మాటలతో ఏకీభవిస్తూ ఒక విషయం చేరుస్తాను. వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరేసరికి గాలి సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది కాబట్టి ఏ కార్బ్యురేటర్ బండి అయినా ఘాట్‌లో కొంత బలం కోల్పోతుంది, మిశ్రమంలో పెట్రోలు పాలు కొద్దిగా పెరుగుతుంది. అందుకు విరుద్ధంగా, ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు మిశ్రమాన్ని పలుచన చేస్తుంది, అంటే అందులో గాలి పాలు ఎక్కువవుతుంది. పెట్రోలు పూర్తిగా కాలడానికి దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి. ఇథనాల్‌కు సుమారు 9 రెట్లు చాలు. పాత పెట్రోలుకు కుదిర్చిన జెట్‌కు ఈ తేడా తెలియదు. అందువల్ల సైలెన్సర్ అలాగే ఉంచదలచుకుంటే మెయిన్ జెట్‌ను ఒక్క మెట్టు పెద్దది వేసి చూడటం సమంజసమే. అయితే మెయిన్ జెట్ పనిచేసేది ముప్పావు వంతుకు పైగా తిప్పినప్పుడే. నడిమి భాగమంతా నీడిల్‌ది (స్లైడ్‌తో పాటు లేచే సూదిది), ఐడిల్ దగ్గర పైలట్ జెట్‌ది. ఒకేసారి రెండు మార్చితే ఏది ఏం చేసిందో తెలుసుకోలేరు.

మూడవ జవాబు

చట్టం సంగతి కూడా ఆలోచించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పులను నిషేధిస్తుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై వేటు పడవచ్చు. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు పరీక్షలో శబ్దపు హద్దు 80 డెసిబెల్స్. విశాఖపట్నంలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద నలిపించారు. మీ పాత సైలెన్సర్‌ను పారేయకండి.

అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. కార్బ్యురేటర్ విప్పించాను. డయాఫ్రం అంచున అర సెంటీమీటరు చీలిక ఉంది, గాస్కెట్ కూడా పాతదే. ఆ రెండూ, ఫిల్టరూ మార్పించి, పాత సైలెన్సర్ తిరిగి వేయించాను. పేలడం ఆగింది. నిన్న ఇద్దరం అనంతగిరి దాకా వెళ్లి వచ్చాము. నాలుగో గేరు అవసరమైనంత మేరకు పట్టింది. ప్లగ్ తీసి చూస్తే కొన కొంచెం తెల్లగా ఉంది. జెట్ మార్చాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు

తొందరపడకండి. చదునైన ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో, వేగపరిమితికి లోబడి, కాసేపు పూర్తిగా తిప్పి నడిపి, ఆ స్థితిలోనే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి, బండి నిలిచాక ప్లగ్ విప్పండి. నెమ్మదిగా ఇంటికి వచ్చాక చూసిన రంగు ఐడిల్ స్థితిని చెబుతుంది గాని మెయిన్ జెట్ స్థితిని చెప్పదు. అప్పుడూ తెల్లగానే ఉంటే పెట్రోలు తక్కువవుతున్నట్టు, ఒక మెట్టు పెద్ద జెట్ వేయించండి, లేత గోధుమ రంగు వస్తే ఉన్నదే ఉంచండి.