మాక్ పార్లమెంట్‌లో ఎదుటివాళ్లని మధ్యలో ఆపాలంటే పద్ధతి ఏంటి?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వచ్చే వారం స్కూల్లో మాక్ పార్లమెంట్, తనకి ప్రతిపక్ష సభ్యురాలి పాత్ర ఇచ్చారు. ఇంట్లో రిహార్సల్‌కి నేనే మంత్రిని. నిన్న నా మాట పూర్తికాకముందే "అబద్ధం!" అని లేచి అరిచింది. "నాతో కాదమ్మా, 'అధ్యక్షా' అని స్పీకర్‌తోనే మాట్లాడాలి" అన్నాను. అక్కడితో నా జ్ఞానం అయిపోయింది.

లోక్‌సభ నియమాలు కొంత తిరగేశాను. 376వ నియమం పాయింట్ ఆఫ్ ఆర్డర్ (సభ నియమాల ప్రకారం నడవడం లేదని అభ్యంతరం లేవనెత్తడం), 380 అనుచిత పదాల్ని రికార్డుల నుంచి తొలగించడం. ఎవరి మీదైనా పరువు తీసే ఆరోపణ చేయాలంటే 353 కింద ముందే స్పీకర్‌కి, సంబంధిత మంత్రికి తెలియజేయాలి. ఇంతవరకు బాగానే ఉంది.

నా సందేహమల్లా, మాట్లాడుతున్నాయన "ఐ యామ్ నాట్ యీల్డింగ్" (మధ్యలో మీకు మాట్లాడే అవకాశం ఇవ్వను) అంటాడు చూడండి, అప్పుడు మధ్యలో లేచిన సభ్యుడు కూర్చోవాల్సిందేనా? పాయింట్ ఆఫ్ ఆర్డర్ అంటే మాత్రం ఆయన ఆగాలా? ఏ నియమమో నంబరుతో సహా చెప్పాలా? "అబద్ధం" బదులు "సత్యదూరం" అంటే చెల్లుతుందా?

సభా వ్యవహారాలు తెలిసినవాళ్లు, గ్యాలరీలో కూర్చుని చూసినవాళ్లు కాస్త చెప్పండి. టీవీలో చూసి నేర్చుకోమనకండి, మొన్న పెడితే సగం మంది వెల్‌లోనే (స్పీకర్ ముందున్న ఖాళీ జాగాలోనే) ఉన్నారు.