అప్‌డేట్: నా కాల్‌కు నాన్నగారి పేరు కనిపించే సమస్య తీరింది

నేను ఫోన్ చేస్తే, నా నంబరు సేవ్ చేసుకోనివారికి తెరపై నాన్నగారి పేరు కనిపిస్తోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. సిమ్ ఎవరి పేరున ఉందో చూడమన్నవారి మాటే నిజమైంది. కాలేజీలో చేరినప్పుడు నాన్నగారి గుర్తింపు కార్డుతో తీసుకున్న సిమ్ అది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో సిఫారసు చేసిన సీనాప్ విధానంలో, అంటే ఫోన్ చేసినవారి పేరును ఆపరేటరే తెరపై చూపే పద్ధతిలో, పేరు మన ఫోనులోంచి రాదు, కనెక్షన్ దరఖాస్తులోంచి వస్తుంది. అందుకే ట్రూకాలర్‌లో పేరు మార్చినా, ఫోను రీసెట్ చేసినా ఫలితం లేకపోయింది. రీసెట్ పుణ్యమా అని యాప్‌లన్నీ మళ్లీ వేసుకునే పని మాత్రం దక్కింది.

అమీర్‌పేటలోని ఆపరేటర్ దుకాణానికి నాన్నగారినీ తీసుకెళ్లి, ఇద్దరి ఆధార్‌తో కనెక్షన్ నా పేరుకు బదిలీ చేయించాను. "నా పేరు నీకేం అడ్డొచ్చిందిరా?" అని కౌంటర్ దగ్గరే అడిగారాయన. నంబరు అదే ఉంది. కొత్త పేరు వెంటనే కనిపించలేదు, కాస్త ఆగాల్సి వచ్చింది.