పైన పోర్షన్ వేస్తున్నాం, మెట్లు లోపల పెట్టాలా బయట పెట్టాలా?

నల్లగొండ_తూర్పుముఖం:
అందరికీ నమస్తే. మాది నల్లగొండ. 30×45, అంటే 150 గజాల జాగా, తూర్పు ముఖం. ఇల్లు 24×30లో ఉంది. ముందు 12 అడుగులు ఖాళీ, మిగతా మూడు వైపులా మూడేసి అడుగుల సందు. ఆగ్నేయంలో వంటిల్లు, ఈశాన్యంలో సంపు. పిల్లర్ల మీద కట్టిన ఇల్లే, పైన సలాకలు వదిలి ఉన్నాయి. తమ్ముడి పెళ్లి కుదిరింది, వాళ్ల కోసం పైన ఒక పోర్షన్ వేస్తున్నాం. ఇప్పటిదాకా మిద్దె ఎక్కాలంటే ఇనుప నిచ్చెనే.

హాల్లో స్లాబ్ కోసి లోపలి నుంచే మెట్లు పెడదాం, అందరం ఒక్క ఇంట్లో ఉన్నట్టుంటుంది అంటున్నాడు తమ్ముడు. మేస్త్రేమో దక్షిణం సందులో నేరుగా పోనిస్తే జాగా కలిసొస్తుందంటున్నాడు. ఈశాన్యంలో వద్దు, మెట్లు బేసి సంఖ్యలో రావాలి, సవ్యంగా అంటే కుడికి తిరగాలి, అది నాన్న మాట. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కానీ సాయంత్రం పూట పైన కూర్చోవాలని ఆమెకు చాలా ఆశ. కింది గచ్చు నుంచి మిద్దె పైకి 10 అడుగుల 3 అంగుళాలు. ఏం చేయమంటారు?

పాలమూరు_సైట్:
తమ్మీ, స్లాబ్ మాత్రం కోయకు. మెట్లకు దగ్గర దగ్గర పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు బొక్క కావాలి. అంత కోస్తే మెయిన్ సలాకలే తెగిపోతాయి, చుట్టూ కొత్త బీములు వేస్తే తప్ప మిగిలిన స్లాబ్ నిలబడదు. రేపు పైభాగం కిరాయికిద్దామన్నా ఎవరో మీ హాల్లోంచి నడిచి పోవాలి.

దక్షిణం సందు మూడడుగులే. మూడడుగుల మెట్లు వేస్తే అక్కడ మనిషి నడవడానికి దారి ఉండదు, వంటింటి కిటికీ మూసుకుపోతుంది. ముందున్న 12 అడుగులు వాడుకో. ఆగ్నేయం మూలలో, బయట, రెండు మడతల మెట్లు వెయ్యి. గేటు దగ్గర మొదలై దక్షిణానికి ఎక్కాలి, ల్యాండింగ్‌లో, అంటే మధ్యలో మలుపు తిరిగే చదునులో, కుడికి తిరిగి ఇంటి గోడ పక్కగా ఉత్తరానికి రావాలి. నాన్నగారు అడిగే సవ్య తిరుగుడు కూడా అందులోనే వస్తుంది. వంటింటి తూర్పు కిటికీకి వెలుతురు తగ్గుతుంది, దక్షిణం కిటికీ మాత్రం భద్రంగా ఉంటుంది.

ఇప్పుడు లెక్క. చాలామంది ఇక్కడే తప్పుతారు. మిద్దె పైకి కొలిచి మెట్లు పోస్తారు, తర్వాత పైన బండలో టైల్సో పరిస్తే చివరి మెట్టు ఒక్కటి రెండు మూడు అంగుళాలు ఎత్తవుతుంది. రాత్రిపూట కాలు తన్నుకునేది ఆ మెట్టుకే. పైన పరిచేదానికి 3 అంగుళాలు కలుపుకో, మొత్తం 126 అంగుళాలు. 18 మెట్లయితే ఒక్కోటి సరిగ్గా 7 అంగుళాలు. 19 వేస్తే ఆరున్నరకు కాస్త పైన వస్తుంది. అమ్మ మోకాళ్లకు 19 మేలు, బేసి కూడా అయింది. కాలు పెట్టే చోటు 10 అంగుళాలకు తగ్గనివ్వకు. కింద 9, పైన 10 మెట్లు పడితే (పదోది మిద్దెలోనే కలుస్తుంది) పొడవు మూడడుగుల ల్యాండింగ్‌తో కలిపి పదిన్నర అడుగులు, వెడల్పు ఆరున్నర. రోడ్డు వైపు ఇంకా ఐదున్నర అడుగులు మిగులుతుంది. మున్సిపాలిటీకి ఎంత ఖాళీ చూపించాలో ప్లాన్ గీసే ఇంజినీరుతో సరిచూసుకో. తెలంగాణలో 500 చదరపు మీటర్ల లోపు జాగాకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి సొంత ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. ఆ ప్లాన్‌లో మెట్లు కూడా గీయించు.

మెట్లకు వేరే పిల్లర్లు, వేరే ఫుటింగులు (పిల్లర్ కింది పునాదులు) కావాలి. పాత గోడ మీద ఆనించారంటే రెండేళ్లలో అతుకు దగ్గర పగులు తేలుతుంది. ఎర్రమట్టి దాటి గట్టి మొరం తగిలేదాకా తవ్వించు. పైన వదిలిన సలాకలు ఎండకూ వానకూ తుప్పు పట్టి ఉంటాయి. తుప్పు గీకించి, 12 ఎం.ఎం. సలాకకు కనీసం 2 అడుగుల ల్యాప్ ఇప్పించు, అంటే పాత సలాక పక్కన కొత్తది అంత పొడవున కలిసి ఉండాలి. పాత ఫుటింగులు పై అంతస్తు బరువు మోస్తాయా లేదా అన్నది మాత్రం ఇంజినీరే చూడాలి, మేస్త్రి మాట మీద మొదలుపెట్టకు.

వనపర్తి_కోడలు:
అన్న చెప్పిన మూడడుగులకు ఒక్క అంగుళం కూడా తగ్గించకండి. మా అత్తగారింట్లో ల్యాండింగ్ రెండున్నర అడుగులే. నా బీరువా అక్కడ తిరగక, తాళ్లు కట్టి పిట్టగోడ మీద నుంచి లాగారు. గర్భంతో ఉన్నప్పుడు తడి బట్టల బకెట్‌తో ఆ మెట్లెక్కడం ఎంత భయమో నాకు తెలుసు. మెట్లకు నున్నటి గ్రానైట్ వద్దు, వానకు జారుతుంది. గరుకు తాండూరు బండ వేసి అంచున గాట్లు కొట్టించండి. పట్టుకునే కడ్డీ మొదటి మెట్టు నుంచే ఉండాలి. అత్తమ్మలు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఎక్కువ భయపడతారు. మెట్ల లైటుకు కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ పెట్టించుకోండి. కొత్త కోడలు ఇది నోరు తెరిచి అడగదు.

నల్లగొండ_తూర్పుముఖం:
అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. పొద్దున సున్నంతో నేల మీద పదిన్నర బై ఆరున్నర గీసి చూశాం. గేటు రెక్క మొదటి మెట్టుకు తగులుతోంది. లోపలికి తెరుచుకునే ఈ గేటు తీసేసి పక్కకు జరిగే గేటు పెడితే సరిపోతుందా?

పాలమూరు_సైట్:
సరిపోతుంది. జరిగే గేటును ఉత్తరం వైపు పోనివ్వు, సంపు మూత మీదుగా పట్టా రాకుండా చూసుకో.