అమాసకి పోటు, అట్టమికి... ఆటా, పాటా?

నరసాపురం అమ్మాయి: పొద్దున్నుంచి ఒకటే తొలిచేస్తోంది. మా అమ్మమ్మ రేవు మెట్ల మీద కూర్చుని "అమాసకి పోటు, అట్టమికి..." అని ఏదో అనేది. పోటంటే నీళ్ళెక్కడం, మరి తీయడాన్ని ఏమనేదో, ఆటా, పాటా? అర్థం చెప్పేది కాదు. బొగ్గుముక్క చేతిలో పెట్టి, నీళ్ళెంతవరకు ఎక్కాయో గీత గీసి రమ్మనేది. మర్నాడు అదే వేళకి వెళ్తే నీళ్ళింకా గీతకి రాలేదు. "రోజుకి రెండు గడియలు ఆలస్యమే, చందమామలాగ" అంది.

అంతర్వేది: పాటేనండి. పాటు నీటికి పడవ మొగలోకి, అదే గోదారి సముద్రంలో కలిసే చోటికి, దిగుద్ది, పోటుకి తిరిగొస్తది. ఆటు బడిపుస్తకంలో మాట.

తెలుగు మేష్టారు: పడు-పాటు, చెడు-చేటు, పొడుచు-పోటు. ఆటుకి ఇలాంటి వంశం ఎవరైనా చూపించండి, ఒప్పుకుంటాను. అది పోటు పక్కన నిలబడి బతికేస్తున్న మాట.

యానాం బాబాయ్: వ్యాకరణం సరే మేష్టారూ, నీళ్ళ సంగతో? అమాసకి పోటు ఎంత పైకొస్తుందో పాటు అంత కిందికి పోతుంది. సూర్యచంద్రుల లాగుడు ఒకే వరసలో కలుస్తుంది కాబట్టి. అష్టమికి చెరో పక్క లాగుతారు, రెండూ చిన్నవే. ఆ సామెతే తప్పు.

నరసాపురం అమ్మాయి: తప్పు కాదండీ! అష్టమినాడు పై గీతకీ కింది గీతకీ మధ్య మెట్లు తక్కువుండేవి, నాచేతే లెక్కపెట్టించింది. అమాసనాడు చందమామే లేడుగా, లాగేదెవరు అంటే, "మీ తాత పొలం వెళ్తే లేనట్టా? సూర్యుడి పక్కనే ఉన్నాడు, నీకు కనపడ్డంలేదంతే" అంది.

తెలుగు మేష్టారు: ఆహా! అయితే ఇక్కడ పాటంటే నీరు తీయడం కాదు, జోరు పడిపోవడం. ధాత్వర్థం నిలిచింది. నేనన్నదే.

ద్రాక్షారామం: పోటంటే నన్నయదండీ. శారదరాత్రుల పద్యంలో వెన్నెలని "రుచిపూరము" అన్నాడు. పూరమంటే వరద. రాజమండ్రి గట్టున గోదారి పోటు చూసే రాసుంటాడు.

యానాం బాబాయ్: రాజమండ్రికి పోటేంటండి బాబూ, ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం ఉండగా?

ద్రాక్షారామం: ఆనకట్ట పూర్తయింది 1852లో. నన్నయది 11వ శతాబ్దం. కాటన్ దొరకి ఆ పాపం అంటగట్టకండి 😄

తెలుగు మేష్టారు: అసలది పూరము కాదు, పూరములు. "రుచిపూరములం బరిపూరితంబులై" అని విడగొట్టుకోవాలి. ఆ "లు" మింగేస్తే వరద ఒక్కటే మిగుల్తుంది.

ద్రాక్షారామం: ఒక్క వరద చాలదా మేష్టారూ, మునగడానికి?

తెలుగు మేష్టారు: ఛందస్సు మునుగుతుంది.

నరసాపురం అమ్మాయి: ఆయ్, ఇంతకీ ఆటా, పాటా?

అంతర్వేది: పాటే అన్నానుగా. సఖినేటిపల్లి రేవులో ఉన్నాను, పంటు కదిలింది. అవతల దిగాక రాస్తా.