సి లో డేట్ పార్సింగ్ ఫంక్షన్‌ని ఎలా టెస్ట్ చేయాలి? స్ట్ర్‌పీటైమ్ తప్పు డేట్‌ని కూడా ఒప్పేసుకుంటోంది

ప్రశ్న (సి_కొత్త)

అందరికీ నమస్తే. చిన్న సి లైబ్రరీ ఒకటి రాస్తున్నా, సీఎస్‌వీ ఫైల్‌లోంచి (కామాలతో విడదీసిన డేటా) వచ్చిన డేట్‌ని చదివి టైమ్_టీ (1970 నుంచి లెక్కించిన సెకన్లు) కింద మార్చే ఫంక్షన్ ఉంది అందులో. లోపల స్ట్ర్‌పీటైమ్‌కి (స్ట్రింగ్‌ని ఫార్మాట్ ప్రకారం చదివి టీఎం స్ట్రక్ట్ నింపే ఫంక్షన్, కుదరకపోతే నల్ ఇస్తుంది) "%వై-%ఎం-%డి" ఇస్తున్నా (పెద్ద వై, నాలుగంకెల సంవత్సరం), నల్ రాకపోతే ఆ స్ట్రక్ట్‌ని టైమ్_టీగా మార్చే ఎంకేటైమ్ పిలుస్తున్నా, అంతే. 2024-08-15 లాంటివి పెట్టి రాసిన టెస్టులన్నీ పాస్. కానీ ఒక ఫైల్‌లో ఎవరో మన అలవాటు ప్రకారం 15-08-2024 అని కొట్టారు, ఎర్రర్ రావాలి కదా, రాకుండా ఏదో డేట్ పట్టుకొచ్చింది. డీబగ్గర్‌లో చూస్తే టీఎం_ఇయర్ -1885, రోజు 20 అని ఉంది. ఆ 20 ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కావట్లేదు. ఉబుంటు, జీసీసీ వాడుతున్నా. ఏయే ఇన్‌పుట్‌లు పెట్టి చూస్తే ఇలాంటి ఫంక్షన్‌ని నమ్మొచ్చు?

జవాబు (పాయింటర్_బాబాయ్)

తమ్ముడూ, ఆ 20 నీ స్ట్రింగ్‌లోదే. పెద్ద వై అంటే నాలుగంకెల దాకా చదువుతుందే గానీ నాలుగూ ఉండి తీరాలని పట్టుబట్టదు, కాబట్టి 15 ని సంవత్సరం కింద తీసుకుంది, టీఎం_ఇయర్ 1900 నుంచి లెక్క కాబట్టి 15 లోంచి 1900 తీస్తే -1885. తర్వాత 08 నెల. రోజుకి రెండంకెలే కావాలి కాబట్టి 2024 లో మొదటి 20 తీసుకుని ఆగిపోయింది, 24 అలాగే మిగిలిపోయింది. స్ట్ర్‌పీటైమ్ వెనక్కిచ్చే పాయింటర్ సరిగ్గా ఆ 24 దగ్గరే నిలబడి ఉంటుంది, నువ్వు దాన్ని నల్ అవునా కాదా అని మాత్రమే చూస్తున్నావ్. ఆ పాయింటర్ చూపించే క్యారెక్టర్ బ్యాక్‌స్లాష్-జీరో (స్ట్రింగ్ ముగింపు గుర్తు) కాకపోతే ఫెయిల్ అనాలి.

ఇంకోటి చూడు, జీలిబ్‌సిలో (ఉబుంటులో ఉండే సి లైబ్రరీ) 2024-01-45 ఇచ్చినా నల్ రాదు. 4 చదివాక ఇంకో అంకె తీసుకుంటే 31 దాటిపోతుందని అక్కడే ఆగి రోజు 4 అంటుంది, 5 మిగులుతుంది. అదే నెల 13 ఇస్తే మాత్రం నల్ వస్తుంది. అందుకే నెల ఒక్కటే తప్పు పెట్టి టెస్ట్ రాసి ఊరుకుంటే సరిపోదు, ప్రతి ఫీల్డ్‌కీ విడిగా తప్పులు పెట్టాలి, చివర్లో చెత్త అంటించాలి, ఖాళీ స్ట్రింగ్, ముందు స్పేసులు, 2024-1-5 లాంటివి కూడా పెట్టాలి. ఈ చివరిది పాస్ అవుతుంది, నీకది కావాలో వద్దో ముందే తేల్చుకుని ఆ నిర్ణయాన్నే టెస్ట్‌గా రాసుకో.

స్ట్ర్‌పీటైమ్ పిలిచే ముందు టీఎం స్ట్రక్ట్‌ని మెమ్‌సెట్‌తో సున్నాలు చేస్తున్నావా? ఫార్మాట్‌లో లేని గంట, నిమిషం ఫీల్డులని స్ట్ర్‌పీటైమ్ ముట్టుకోదు, స్టాక్‌లో ఏ చెత్త ఉంటే అదే ఎంకేటైమ్‌కి పోతుంది. ఒకసారి వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టే టూల్) కింద కూడా నడిపి చూడు.

సి_కొత్త

చాలా థాంక్స్ అన్నా, మిగిలిన క్యారెక్టర్ చెక్ పెట్టగానే రెండూ పట్టుకుంది. కానీ 2023-02-30 ఇంకా పాస్ అవుతోంది, పైగా మార్చి 2 అని వస్తోంది.

జవాబు (పాయింటర్_బాబాయ్)

ఫిబ్రవరికి ఎన్ని రోజులో స్ట్ర్‌పీటైమ్ చూడదు, 31 లోపు ఉంటే చాలు దానికి. ఎంకేటైమ్ ఏమో ఎక్కువైన రోజుల్ని తర్వాతి నెలలోకి తోసేస్తుంది, దాని రూలే అది. పార్స్ అయ్యాక రోజు, నెల, సంవత్సరం పక్కన దాచుకుని, ఎంకేటైమ్ తర్వాత స్ట్రక్ట్‌లో అవే ఉన్నాయో లేదో పోల్చు, మారితే రిజెక్ట్. టెస్టుల్లో 1900-02-29 ఫెయిల్ అవ్వాలి, 2000-02-29 పాస్ అవ్వాలి, 2100-02-29 మళ్లీ ఫెయిల్. నాలుగుతో భాగించి వదిలేసే కోడ్ ఎక్కడున్నా ఈ మూడింట్లో దొరికిపోతుంది.

జవాబు (లాగ్‌ఫైల్)

బాబాయ్ గారు చెప్పినవన్నీ కరెక్టే, టైమ్‌జోన్ సంగతి నేను చెప్తా. మన దగ్గర డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం) లేదు కాబట్టి హైదరాబాద్‌లో మన మెషీన్‌లో అన్నీ పాస్ అయిపోతాయి, అదే కోడ్ అమెరికాలో ఉన్న సర్వర్ మీద పెడితే బండారం బయటపడుతుంది. మెమ్‌సెట్ చేస్తే టీఎం_ఐఎస్‌డీఎస్‌టీ సున్నా అవుతుంది, అంటే ఇది డేలైట్ టైమ్ కాదు అని మీరే చెప్తున్నట్టు, అప్పుడు న్యూయార్క్ జోన్‌లో జూలై డేట్ అర్ధరాత్రికి బదులు ఒంటిగంట అవుతుంది. మెమ్‌సెట్ తర్వాత ఆ ఫీల్డ్‌లో -1 పెట్టండి, అంటే నువ్వే తేల్చుకో అని చెప్పడం. టెస్ట్ లోపలే సెట్‌ఎన్వ్‌తో టీజెడ్ (టైమ్‌జోన్ చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) మార్చి టీజెడ్‌సెట్ పిలిచి, కోల్‌కతా, న్యూయార్క్, యూటీసీ మూడింట్లోనూ అవే కేసులు నడపండి.

ఇంకో విషయం, మన జోన్ ఎప్పుడూ 5:30 యే అనుకుని కోడ్‌లో ఆ నంబర్ రాసేస్తారు కొందరు. యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా, ఇక్కడ గడియారం ఒక గంట ముందుండేది, అంటే 6:30. జీలిబ్‌సి వాడే టైమ్‌జోన్ డేటాలో అది ఉంది. 1943-06-10 ని కోల్‌కతా జోన్‌లో -1 పెట్టి ఎంకేటైమ్‌కి ఇచ్చి, వచ్చిన సెకన్లకి 5:30 కలిపి మళ్లీ డేట్ చేస్తే జూన్ 9 రాత్రి 11 గంటలు వస్తుంది. పెన్షన్ రికార్డుల్లో పెద్దవాళ్ల పుట్టినరోజు ఒక రోజు వెనక్కి పోవడమంటే చిన్న విషయం కాదు, దయచేసి ఈ కేసు టెస్టుల్లో పెట్టండి.

మీకు టైమ్ అక్కర్లేదు, డేట్ ఒక్కటే కావాలంటే ఎంకేటైమ్ బదులు టైమ్‌జీఎం వాడండి, అంతా యూటీసీలోనే జరిగిపోతుంది, ఈ గొడవ ఉండదు. జీలిబ్‌సిలో ఎప్పట్నుంచో ఉంది, సి23 స్టాండర్డ్‌లోకి కూడా వచ్చింది.

సి_కొత్త

డేట్ ఒక్కటే చాలండీ, టైమ్‌జీఎంకి మారుస్తా. 1943 కేసు కూడా కలుపుతున్నా. స్ట్ర్‌పీటైమ్ దగ్గర ఇంప్లిసిట్ డిక్లరేషన్ అని వార్నింగ్ వస్తోంది, దాన్ని వదిలేయొచ్చా?

జవాబు (పాయింటర్_బాబాయ్)

అస్సలు వదలకు. ఫైల్‌లో మొదటి హెడర్ ఇంక్లూడ్ చేసే లైన్ కంటే ముందే _ఎక్స్‌ఓపెన్_సోర్స్ డిఫైన్ చేయాలి, లేకపోతే కంపైలర్ ఆ ఫంక్షన్ ఇంట్ ఇస్తుందనుకుంటుంది, 64 బిట్ పాయింటర్ సగానికి తెగుతుంది, ఇప్పుడు పెట్టుకున్న మిగిలిన క్యారెక్టర్ చెక్ దగ్గరే క్రాష్ అవుతావ్. జీసీసీ 14 నుంచైతే అది నేరుగా ఎర్రరే. టైమ్‌జీఎం కూడా కావాలంటున్నావ్ కాబట్టి _డీఫాల్ట్_సోర్స్ కూడా పక్కనే పెట్టు.