ట్రాకియాస్టమీ ట్యూబులో కఫం గట్టిపడుతోంది, సెలైన్ పోయవచ్చా?

ప్రశ్న:
నాన్నగారికి ట్రాకియాస్టమీ చేసి (మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం పెట్టి) బెలూన్ ఉన్న 8 నంబరు ట్యూబు వేశారు. లోపల ఇంకో గొట్టం ఉంది. వెంటిలేటర్ లేదు. వారం నుంచి కఫం జిగురుగా, పెచ్చులుగా వస్తోంది. కఫం లాగే సన్నని గొట్టం, 12 నంబరు క్యాథెటర్, సగంలోనే ఆగుతోంది. గంటకోసారి సక్షన్ చేస్తున్నాం. ముందు సెలైన్ పోయమని ఒకరు, వద్దని మరొకరు అంటున్నారు. ఏది సరైనది?

జవాబు 1:
క్యాథెటర్ ఆగిందంటే ముందు లోపలి గొట్టం తీసి వెలుతురుకు ఎత్తి చూడండి. పెచ్చు కట్టి ఉంటుంది. దాన్ని రోజుకు కనీసం రెండు మూడుసార్లు తీసి, సెలైన్‌తో, సన్నని బ్రష్‌తో కడిగి, తడి విదిలించి పెట్టాలి. మరిగించొద్దు, ప్లాస్టిక్ వంగిపోతుంది. రెండో గొట్టం చేతిలో పెట్టుకునే మొదటిది తీయండి.

లోపలి గొట్టం ఉన్నప్పుడు దారి సన్నబడుతుంది కాబట్టి 12 (తెల్ల మూత) బదులు 10 (నల్ల మూత) వాడండి. సక్షన్ మిషన్ మీటరు ముల్లు 80 నుంచి 120 mmHg మధ్య ఉండాలి. లోపలికి పంపేటప్పుడు క్యాథెటర్ పైచివర ఉన్న రంధ్రం మీద బొటనవేలు పెట్టకండి. వెనక్కి తీసేటప్పుడే మూసి, తిప్పుతూ 10 సెకన్లలో బయటికి తెచ్చేయాలి. గడియారం చూసి గంటకోసారి చేస్తే లోపలి పొర గీసుకుపోయి రక్తపు చారలు వస్తాయి. గురగుర వినిపించినప్పుడు, దగ్గుతో కఫం పైకి వచ్చినప్పుడు, ఆయాసపడినప్పుడు చేయండి.

జవాబు 2:
అసలు లోపం తేమలో ఉంది. మామూలుగా గాలిని వెచ్చబరిచి తడిపేది ముక్కు. ట్యూబుతో ఆ దారి తప్పిపోయింది కనుక పొడిగాలి నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తోంది. ఏసీ, ఎదురు ఫ్యాన్ ఉంటే ఇంకా ఎండుతుంది. సెలైన్ పోస్తే కఫంతో సరిగా కలవదు. దగ్గు తెప్పిస్తుంది, ట్యూబులోని క్రిములను కిందికి తోస్తుంది. అందుకే ప్రతిసారీ పోయడం మంచిది కాదు. దాని బదులు 3 నుంచి 5 మి.లీ. నార్మల్ సెలైన్‌తో నెబులైజేషన్ రోజుకు ఎన్నిసార్లో డాక్టరును అడిగి మొదలుపెట్టండి. మిగతా సమయంలో ట్యూబుకు తేమ ఫిల్టరు (ఊపిరిలోని తేమను పట్టి ఉంచేది, HME) తగిలించండి. 24 గంటలకోసారి, కఫం పడితే అప్పటికప్పుడే మార్చాలి. నెబులైజేషన్ చేసేటప్పుడు తీసేయండి, తడిస్తే ఊపిరి ఆడదు. రైల్స్ ట్యూబుతో (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) నీళ్లు ఇస్తుంటే సరిపడా వెళ్తున్నాయో లేదో లెక్క చూడండి.

ప్రశ్న వేసినవారు:
రాత్రి కరెంటు పోతే? ట్యూబు పూర్తిగా మూసుకుపోతే?

జవాబు 1:
కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి కొని మంచం కిందే ఉంచండి. మూసుకుపోతే వరుస ఇది: లోపలి గొట్టం పీకేయండి, క్యాథెటర్ పంపండి. అప్పటికీ వెళ్లకపోతే 10 మి.లీ. సిరంజితో బెలూన్ గాలి పూర్తిగా తీసేయండి. ట్యూబు పక్కనుంచి, నోటి నుంచి కొంత గాలి ఆడుతుంది. ఆక్సిజన్ ఉంటే మెడ దగ్గర, ముఖానికి రెండుచోట్లా పెట్టండి. ఇంకొకరు ఈలోపే 108కి ఫోన్ చేయాలి. స్వరపేటిక పూర్తిగా తీసేసినవారికి మాత్రం నోటి దారి ఉండదు, మెడ దగ్గరే ఇవ్వాలి. ఆ మాట మంచం తలవైపు పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి. అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ పక్కనే ఉండాలి. మార్చడం మాత్రం నేర్చుకున్నవాళ్లే చేయాలి.

జవాబు 3:
బెలూన్ నిండి ఉండగా మాట్లాడే వాల్వు గానీ మూత గానీ ఎప్పుడూ పెట్టకండి. ఊపిరి బయటికి వచ్చే దారే ఉండదు. చారలు కాకుండా తాజా ఎర్ర రక్తం వస్తే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.