దొంగ నొప్పులా, నిజం నొప్పులా? తొలి కాన్పుకు ఎప్పుడు బయలుదేరాలి?

అక్కలూ, కొంచెం సాయం చేయండి. నాకిది తొలి చూలు, 38వ వారం. దేవరకొండ దగ్గర పల్లెలో పుట్టింట్లో ఉన్నా. కాన్పు నల్లగొండ ప్రభుత్వాసుపత్రిలో అనుకున్నాం, గంటన్నర ప్రయాణం.

నిన్న రాత్రి పొట్ట రాయిలా గట్టిపడటం, వదలడం మొదలైంది. అమ్మ జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. మా ఆయన ఫోన్‌లో టైం చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి పావుగంటకు, ఒకసారి ఐదు నిమిషాలకే! లేచి నాలుగడుగులు వేసి, ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే తగ్గిపోయింది. దొంగ నొప్పులేనంది ఆశా అక్క. నిజం నొప్పులైతే నడిచినా పడుకున్నా తగ్గవట, రానురాను దగ్గర పడతాయట. వింటే అర్థమవుతుంది గానీ అర్ధరాత్రి ఆ టెన్షన్‌లో ఎట్లా తెలుస్తుంది? మీకు మొదట ఎక్కడ పట్టింది, నడుములోనా, పొత్తికడుపులోనా?

ఐదు నిమిషాలకోసారి వస్తూ గంటసేపు అట్లాగే ఉంటే రమ్మంది డాక్టరమ్మ. దూరం నుంచి వెళ్లినవాళ్లు అంతవరకు ఆగారా? ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఆగొద్దని తెలుసు. రాత్రిపూట 102 అమ్మఒడి బండికి ఫోన్ చేశారా, 108కా?

ఇంకోటి. ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించుకోమని మా మేనత్త ఒకటే పోరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60 శాతం పైగా సిజేరియన్లే మరి. అవసరమైతే కాదనను, ముహూర్తం కోసమైతే వద్దు. మామూలు కాన్పు అయినవాళ్లు, నొప్పులు మొదలయ్యాక ఏం తిన్నారు, లోపలికి అమ్మనో వదిననో తోడు రానిచ్చారా, చెప్పండి.